ఎఫ్‌ఎం గొంతు వెనక లైసెన్సు కాగితం: బెంగళూరు రేడియో సిటీ చరిత్ర
(జర్నలిజం విద్యార్థుల ముందు హైదరాబాద్‌లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

రేడియో గురించి మాట్లాడమన్నారు. రేడియో మొత్తం చరిత్ర చెప్పాలంటే ఈ పూట చాలదు. అందుకే ఒకే ఒక్క స్టేషన్‌ను పట్టుకుని చెబుతాను. అది బెంగళూరు రేడియో సిటీ. 2001 జులై 3న మొదలైంది. ప్రభుత్వం ఎఫ్‌ఎం ఫ్రీక్వెన్సీలను వేలం వేశాక మన దేశంలో ప్రసారం మొదలుపెట్టిన మొట్టమొదటి ప్రైవేటు స్టేషన్ అదే.

హైదరాబాద్‌లో కూర్చుని బెంగళూరు స్టేషన్ ఎందుకని మీకు అనిపించవచ్చు. ప్రైవేటు ఎఫ్‌ఎం మన ఊరికి వచ్చింది 2006లో. అప్పటికి ఐదేళ్ల ముందే, ఇలాంటి స్టేషన్ ఎలా బతకాలి, ఏం వినిపించాలి, ఏం వినిపించకూడదు అన్నవి అక్కడ తేలిపోయాయి. మనకు వచ్చింది ఆ అనుభవం మీద కట్టిన రేడియో. నేను హైదరాబాద్‌లోనే ఒక ఎఫ్‌ఎం స్టేషన్‌లో ప్రోగ్రామింగ్ విభాగంలో కొన్నేళ్లు పనిచేశాను. ఆ పనిలో ఉండగా నాకు గట్టిగా అర్థమైన విషయం ఒకటుంది. ఈ పూట చెప్పేదంతా దాని గురించే. ఎఫ్‌ఎం పెట్టగానే మీకు వినపడే హుషారు గొంతు, తిప్పి తిప్పి వేసే పాటలు, మధ్యలో ప్రకటనల వరస, ఎంతసేపు విన్నా ఒక్క వార్త కూడా రాకపోవడం, వీటిలో చాలాభాగం స్టూడియోలో తీసుకున్న నిర్ణయాలు కావు. ఢిల్లీలో లైసెన్సు షరతులూ ఫీజు పట్టికా రాసిన రోజే అవి ఖాయమైపోయాయి.

కొంచెం వెనక్కి వెళదాం. మన దేశంలో రేడియో మొదలైంది ప్రభుత్వం చేతుల మీదుగా కాదు, ఔత్సాహికుల చేతుల మీదుగా. 1924లో మద్రాసులో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ అని పెట్టుకుని కొందరు సంగీతం, ఉపన్యాసాలు ప్రసారం చేశారు. డబ్బు చాలక 1927లో ఆపేశారు. బెంగళూరుకు దగ్గర్లోనే, మైసూరులో, ఎం.వి. గోపాలస్వామి అనే సైకాలజీ ప్రొఫెసర్ 1935లో సొంతంగా ఒక రేడియో కేంద్రం పెట్టి దానికి ఆకాశవాణి అని పేరు పెట్టారు. తర్వాత దేశం మొత్తం రేడియోకు ఆ పేరే వచ్చింది. మన దగ్గర దక్కన్ రేడియో కూడా ప్రైవేటుగా మొదలై 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వెళ్లింది. 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. మొత్తానికి స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకే రేడియో అంటే ప్రభుత్వ రేడియో ఒక్కటే అన్న పరిస్థితి వచ్చింది. 1967లో వివిధ భారతిలో ప్రకటనలు మొదలయ్యాయి కాబట్టి వాణిజ్య రేడియో అప్పటి నుంచే ఉందనుకోవాలి. అయితే ఆ డబ్బు వెళ్లేది ప్రభుత్వానికే.

1993లో ఆకాశవాణి తన ఎఫ్‌ఎం చానళ్లలో కొన్ని గంటల సమయాన్ని ప్రైవేటు సంస్థలకు అమ్మడం మొదలుపెట్టింది. ఢిల్లీ, ముంబయి లాంటి కొన్ని నగరాల్లోనే. టైమ్స్ ఎఫ్‌ఎం, రేడియో మిడ్‌డే అలా వినిపించినవే. ట్రాన్స్‌మీటర్ ప్రభుత్వానిది, సమయం మాత్రం అద్దెకు. 1998లో ఆ ఏర్పాటు ఆగిపోయింది. ఈ లోపల చాలా పెద్ద విషయం ఒకటి జరిగింది. దాని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అందులో మన తెలుగువారి పాత్ర ఉంది.

1993లో హీరో కప్ క్రికెట్ జరిగింది. మ్యాచ్‌లను ప్రసారం చేసే హక్కు ఎవరికి ఉండాలని క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్‌కూ కేంద్ర సమాచార శాఖకూ మధ్య వచ్చిన గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం కుదరదని కోర్టు చెప్పింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. ఆయన విడిగా తన అభిప్రాయం రాశారు. జర్నలిజం చదివే ప్రతి ఒక్కరూ దాన్ని ఒకసారి చదవాలి. తరంగాలు ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండకూడదన్నారు, అలాగని డబ్బున్నవాళ్ల చేతుల్లోకీ వెళ్లిపోకూడదన్నారు. వాక్‌స్వాతంత్ర్యం ఉంది కదా అని ఎవరికి వారు సొంత ప్రసార కేంద్రం పెట్టుకునే హక్కు దానంతట అదే రాదని కూడా స్పష్టం చేశారు. ఆయన దృష్టిలో అన్నిటికంటే ముందుండేది వినేవాళ్ల, చూసేవాళ్ల హక్కు. రకరకాల అభిప్రాయాలు, సమాచారం జనానికి అందాలి. అందుకు ప్రభుత్వం నుంచీ వ్యాపారుల నుంచీ స్వతంత్రంగా ఉండే ప్రజాసంస్థ ఒకటి తరంగాలను చూసుకోవాలి. ఆయన అడిగింది అదీ.

ఆ తీర్పు తర్వాత ప్రభుత్వం చేసింది వేరు. 1999లో విధానం ప్రకటించి, తొలి విడతగా 40 నగరాల్లో 108 ఫ్రీక్వెన్సీలను వేలానికి పెట్టింది. తీర్పులో శ్రోత ముందుంటే, వేలంలో పాటదారు ముందుకు వచ్చాడు. నేను ఇవాళ చెప్పే కథ అంతా ఆ మార్పు దగ్గర మొదలవుతుంది.

ఆ వేలం షరతులు చూడండి. ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకు పదేళ్ల లైసెన్సు. పాడిన మొత్తం ఒక్కసారి కట్టేది కాదు, ఏటా కట్టాలి. అది ఏటా 15 శాతం పెరుగుతూ పోతుంది. కొత్త వ్యాపారం కదా, అందరూ ఆశపడ్డారు. దేశం మొత్తం మీద వేలం పాటలు 400 కోట్ల రూపాయలు దాటాయి. ముంబయిలో ఒక్కో ఫ్రీక్వెన్సీ ఏడాదికి 9.75 కోట్ల దాకా వెళ్లింది. ఏటా 15 శాతం పెరిగితే పదో ఏడాదికి ఆ ఫీజు మొదటి ఏడాది కంటే మూడున్నర రెట్లు అవుతుంది, అంటే 34 కోట్లు. మీరు బజారులో షాపు తీసుకున్నారనుకోండి. గిరాకీ ఉన్నా లేకపోయినా యజమాని ఏటా అద్దె 15 శాతం పెంచుతానంటే, ఆ షాపులో ఏ సరుకు పెడతారు? లాభం ఎక్కువ వచ్చేదీ, వెంటనే అమ్ముడుపోయేదీ మాత్రమే పెడతారు. రేడియోలో కూడా అదే జరిగింది.

వేలంలో పాడినవాళ్లలో చాలామంది వెనక్కి తగ్గారు. డిపాజిట్లు పోయినా ఫర్వాలేదనుకున్నారు. 2005లో రెండో విడత విధానం వచ్చే నాటికి మొత్తం 108 ఫ్రీక్వెన్సీల్లో గాలిలో ఉన్నవి 12 నగరాల్లో 21 స్టేషన్లు. ఆ 12 నగరాల్లో హైదరాబాద్ లేదు. తెలుగు నేల మీద ఉన్నది విశాఖపట్నం ఒక్కటే. అక్కడ సన్ గ్రూపు స్టేషన్ నడిపింది. తెలుగులో ప్రైవేటు ఎఫ్‌ఎం మొదట విన్నది హైదరాబాదీలు కాదు, విశాఖ వాళ్లు. మన మీడియా చరిత్రలు ఈ సంగతిని తరచూ వదిలేస్తాయి, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇక బెంగళూరు. అనుమతి మ్యూజిక్ బ్రాడ్‌కాస్ట్ ప్రైవేట్ లిమిటెడ్ పేరు మీద ఉంది. స్టేషన్ బ్రాండు, కార్యక్రమాల వెనక ఉన్నది విదేశీ యాజమాన్యం కింద ఉన్న టీవీ సంస్థ స్టార్. తొలి విడత రేడియోలో ప్రత్యక్ష విదేశీ పెట్టుబడికి అనుమతి లేదు కాబట్టి ఈ ఏర్పాటు మీద అప్పట్లో ప్రశ్నలు వచ్చాయి. మొదట్లో 91 ఎఫ్‌ఎం అని చెప్పుకునేవారు, తర్వాత 91.1 అయింది.

2001 బెంగళూరును ఒకసారి గుర్తు చేసుకోండి. ఐటీ కంపెనీలు, కాల్‌సెంటర్లు వస్తున్నాయి. దేశం నలుమూలల నుంచీ కుర్రాళ్లు వచ్చి చేరుతున్నారు. వాళ్లలో మన తెలుగు పిల్లలు వేలల్లో ఉన్నారు. రోడ్ల మీద కార్లు పెరుగుతున్నాయి, కారులో గడిపే సమయం పెరుగుతోంది. అప్పటిదాకా రేడియో అంటే ఆకాశవాణి అనౌన్సరు. పదం పొల్లుపోకుండా పలికే మర్యాద గొంతు. దాని విలువ దానికి ఉంది, నేను ఎప్పుడూ తక్కువ చేయను. ఉచ్చారణ నేర్చుకోవాలంటే ఇప్పటికీ పాత అనౌన్సర్ల రికార్డింగులు వినమనే చెబుతాను. రేడియో సిటీలో వినపడింది వేరే రకం గొంతు. మీతో పాటే అదే రోడ్డు మీద ఇరుక్కుపోయిన మనిషి మాట్లాడినట్టు ఉండేది. ఏ సర్కిల్ దగ్గర బండ్లు ఆగిపోయాయో, ఎక్కడ వాన పడుతోందో చెప్పేది. ఇంగ్లీషు, హిందీ, కన్నడం కలిపి మాట్లాడేది. ఆ మూడు భాషల పాటలూ వేసేది. రాత్రిపూట ప్రేమ కష్టాలు చెప్పుకునే లవ్ గురు కార్యక్రమానికి బాగా పేరొచ్చింది. ఒక నగరం తన రోజువారీ గోల తనే వినడం అప్పుడే మొదలైంది. ఇది చిన్న విషయం కాదు. ఆకాశవాణి కేంద్రం రాష్ట్రం మొత్తానికీ, కనీసం ఒక ప్రాంతానికీ మాట్లాడుతుంది. ఎఫ్‌ఎం తరంగం ఇంచుమించు తిన్నగా వెళ్తుంది. టవరు ఎత్తును బట్టి నగరం, దాని చుట్టుపక్కల కొన్ని పదుల కిలోమీటర్లు, అంతే. ఆ హద్దే దానికి బలం అయింది. జయనగర్ జంక్షన్ గురించి మాట్లాడితే వినేవాళ్లందరికీ ఆ జంక్షన్ తెలుసు.

అయితే బెంగళూరులో ఐదేళ్ల పాటు ప్రైవేటు స్టేషన్ అదొక్కటే. పోటీ లేదు. పైన ఏటా పెరిగే ఫీజు. ఇలాంటప్పుడు ఎవరి కోసం కార్యక్రమాలు చేస్తారు? ఎక్కువ రేటు ఇచ్చే ప్రకటనదారుకు ఎవరు కావాలో వాళ్ల కోసం. మొబైల్ కంపెనీకి, కార్ల కంపెనీకి, పెద్ద షోరూముకు కావలసింది ఉద్యోగం చేసే, ఇంగ్లీషూ హిందీ వినే కుర్రకారు. కన్నడ పాటల వాటా పెంచాలని కన్నడ సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. కన్నడిగుల రాజధానిలో, కన్నడిగుల ఆస్తి అయిన తరంగం మీద, కన్నడం మూడింట ఒకటిగా మిగలడం న్యాయం కాదని వాళ్లు అన్నారు. వాళ్ల మాటే సరైనదని నా అభిప్రాయం. దానికి ఆర్జేలను, అంటే మైకు ముందు మాట్లాడే రేడియో జాకీలను, తప్పుపట్టను. ఆ లెక్కలో వాళ్లకు మిగిలిన చోటు అంతే.

ఫీజు భారం దేశంలోని అన్ని స్టేషన్లనూ ముంచింది. అందరూ నష్టాల్లో ఉన్నారు. 2003లో ప్రభుత్వం అమిత్ మిత్రా అధ్యక్షతన కమిటీ వేసింది. స్థిరమైన ఫీజు బదులు ఆదాయంలో వాటా తీసుకోమని ఆ కమిటీ చెప్పింది. టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2004లో ఆ వాటా 4 శాతం ఉండాలంది. 2005 జులైలో రెండో విడత విధానం వచ్చింది. మొదట్లో ఒకసారి ప్రవేశ రుసుము, తర్వాత ఏటా రాబడిలో 4 శాతం లేదా ఆ నగరానికి నిర్ణయించిన కనీస ప్రవేశ రుసుములో 10 శాతం, ఏది ఎక్కువైతే అది. 91 నగరాల్లో 338 చానళ్లు పెడితే, తొలి విడతవి కలుపుకుని మొత్తం 245 స్టేషన్లు నడిచాయి. హైదరాబాద్‌కు 91.1, 92.7, 93.5, 98.3 వచ్చింది ఈ విడతలోనే. విజయవాడ, తిరుపతి, రాజమండ్రి, వరంగల్ కూడా అప్పుడే లెక్కలోకి వచ్చాయి. రేడియో సిటీ కూడా 2006లో హైదరాబాద్ వచ్చింది.

ఇక్కడ చిన్న సాంకేతిక సంగతి. 91.1, 91.9, 92.7, 93.5, 94.3. ఈ అంకెల మధ్య తేడా ఎప్పుడూ 0.8 ఎందుకో తెలుసా? ఒకే ఊళ్లో రెండు స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడకుండా 800 కిలోహెర్ట్జ్ ఎడం ఉంచాలని మన దగ్గర నియమం. కొన్ని దేశాల్లో ఇంతకంటే తక్కువ ఎడంతోనే నడుపుతారు. ఎడం తగ్గిస్తే అదే ఊళ్లో ఇంకా చాలా స్టేషన్లకు చోటు దొరుకుతుంది. ఫ్రీక్వెన్సీలు కొరతగా ఉంటేనే వేలంలో ధర పలుకుతుంది కాబట్టి, ఈ ఎడం సాంకేతిక విషయమే అయినా డబ్బుకు దూరంగా ఉన్న విషయం కాదు.

2006లో బెంగళూరులో ఏం జరిగిందో చూద్దాం. మిర్చి వచ్చింది, బిగ్ వచ్చింది, ఇంగ్లీషు పాటలతో ఇండిగో వచ్చింది, ఇంకా కొన్ని వచ్చాయి. కొద్ది ఏళ్లలోనే మిర్చి పూర్తిగా కన్నడంలోకి మారింది. 'సఖత్ హాట్ మగా' అన్న దాని మాట ఆ నగరమంతా పాకింది. మనకు ఇక్కడ 'ఇది చాలా హాట్ గురూ' ఎలాగో అక్కడ అది అలాగ. మిర్చిని చూసి మిగతా స్టేషన్లూ ఒక్కొక్కటిగా కన్నడం పెంచాయి, రేడియో సిటీ కూడా. భాషాభిమానం పనిచేయలేదని నేను అనను, పనిచేసింది. కానీ దానికి దారి ఇచ్చింది ఫీజు మార్పు అని నా నమ్మకం. స్థిరమైన ఫీజు ఉన్నప్పుడు చిన్న ప్రకటనకు విలువ లేదు. ఆదాయంలో 4 శాతమే ఇవ్వాలన్నప్పుడు చీరల షాపు, నగల షాపు, ఇళ్ల స్థలాల వ్యాపారి, ట్యూషన్ సెంటర్, వీళ్లందరూ ఇచ్చే చిన్న మొత్తాలూ లాభమే. ఆ షాపులకు కావలసిన కొనుగోలుదారు కన్నడం మాట్లాడే మధ్యతరగతి కుటుంబం. దాంతో కుటుంబం వినే పాట వచ్చింది.

2007లో ట్యామ్ సంస్థ రేడియో శ్రోతల కొలత మొదలుపెట్టడం కూడా దీనికి తోడైంది. ఎంపిక చేసిన ఇళ్లకు డైరీలు ఇచ్చి, ఏ స్టేషన్ ఎంతసేపు విన్నారో రాయించేవారు. ముంబయి, ఢిల్లీతో పాటు బెంగళూరులోనూ చేశారు. డైరీలు ఇళ్లలోకి వెళ్లగానే, అంతదాకా ప్రకటనదారు కంటికి ఆనని గృహిణులు, పెద్దవాళ్లు, చిన్న షాపుల్లో పనిచేసేవాళ్లు లెక్కలోకి వచ్చారు.

బెంగళూరులో లక్షల మంది తెలుగువాళ్లు ఉన్నారు. అయినా అక్కడ ప్రత్యేకంగా తెలుగు కోసం ఒక ప్రైవేటు ఎఫ్‌ఎం రాలేదు. ఒక ఊళ్లో కొన్ని చానళ్లే ఉన్నప్పుడు, వాటికి కోట్లు పోసినప్పుడు, రెండో వరసలో ఉన్న భాషకు మొత్తం చానల్ ఇచ్చే ధైర్యం ఎవరికీ రాదు. హైదరాబాద్‌లో ఉర్దూ సంగతి కూడా ఇలాగే ఆలోచించండి.

ఇప్పుడు స్టేషన్ లోపలికి వెళదాం. మీలో కొందరు అక్కడ ఉద్యోగాలకు వెళ్తారు కాబట్టి చెబుతున్నాను. ప్రతి గంటకూ ఒక క్లాక్ ఉంటుంది. గడియారం ముఖం లాంటి బొమ్మ మీద ఏ నిమిషంలో పాట, ఎక్కడ ఆర్జే లింక్ (పాటల మధ్య మాట), ఎక్కడ జింగిల్ (స్టేషన్ పేరు చెప్పే చిన్న పాట), ఎక్కడ స్పాట్ బ్రేక్ (ప్రకటనలు) అన్నీ రాసి ఉంటాయి. పాటల వరసను సాఫ్ట్‌వేర్ వేస్తుంది. ప్రకటనలు ఏ నిమిషంలో పడాలో చూసే విభాగాన్ని ట్రాఫిక్ అంటారు. ప్రకటన సమయాన్ని 10 సెకన్ల లెక్కన అమ్ముతారు. పొద్దున్నా సాయంత్రమూ జనం రోడ్డు మీద ఉండే గంటలకు రేటు ఎక్కువ. ఆర్జే లింక్ ఒక నిమిషం దాటితే లోపల టెన్షన్ మొదలవుతుంది. ఆర్జేలు ఎందుకంత వేగంగా మాట్లాడతారని అడుగుతుంటారు కదా, కారణం ఇదే. కుర్రతనం ఒక్కటే కాదు. నా సహోద్యోగుల్లో సాహిత్యం బాగా చదివినవాళ్లు, లోతుగా మాట్లాడగలవాళ్లు ఉండేవారు. వాళ్ల దగ్గర ఉన్నది గాలిలోకి వెళ్లడానికి క్లాక్‌లో చోటు ఉండేది కాదు.

పాటల ఖర్చు ఇంకో పెద్ద గొడవ. పాట వేసిన ప్రతిసారీ హక్కుదారులకు రాయల్టీ కట్టాలి. మొదట్లో గంటల లెక్కన కట్టేవారు. వచ్చే ఆదాయం ఎంతైనా గంటకు ఇంత అని కట్టాల్సిందే. చిన్న ఊళ్ల స్టేషన్లకు అది మోయలేని బరువైంది. ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచాక 2010 ఆగస్టులో కాపీరైట్ బోర్డు నికర ప్రకటన ఆదాయంలో 2 శాతం చాలని చెప్పింది. స్టేషన్లకు అది ఊపిరి పోసింది. సంగీతం చేసినవాళ్లకు 2 శాతం న్యాయమా అన్న ప్రశ్న మాత్రం అప్పట్లో అలాగే ఉండిపోయింది. రచయితలు, స్వరకర్తలు ఆ లెక్కను ఒప్పుకోలేదు. వాళ్ల బాధను నేను కాదనను.

ఇక వార్తల విషయానికి వద్దాం. దీని గురించి మాట్లాడటానికే నేను ఇక్కడికి వచ్చానని కూడా అనుకోవచ్చు.

తొలి విడత నుంచి ఇవాళ్టి దాకా ప్రైవేటు ఎఫ్‌ఎంలో సొంత వార్తలు నిషేధం. 2006 ఏప్రిల్ 12న కన్నడ నటుడు రాజ్‌కుమార్ చనిపోయారు. బెంగళూరు మూతపడింది. అల్లర్లు జరిగాయి, కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. రోడ్డు మీద చిక్కుకున్న మనిషికి జేబులో రేడియో ఉంది. నగరం అన్న మాటనే పేరులో పెట్టుకున్న స్టేషన్ ఉంది. ఆ స్టేషన్‌కు పాటలు వేసే అనుమతి ఉంది. ఎక్కడ ఏం జరుగుతోందో విలేకరిని పంపి తెలుసుకుని వార్తగా చెప్పే అనుమతి లేదు. అదే గొడవను వందల టీవీ చానళ్లు చూపించవచ్చు, పత్రికలు రాయవచ్చు. రేడియోకు మాత్రం కుదరదు.

2011లో వచ్చిన మూడో విడత విధానం కొంత సడలించింది. ఆకాశవాణి వార్తలను ఒక్క మాట మార్చకుండా తిరిగి వినిపించవచ్చు అన్నారు. ట్రాఫిక్, వాతావరణం, పండగలు, పరీక్ష ఫలితాలు, ఉద్యోగ సమాచారం, కరెంటూ నీళ్లూ రావన్న ప్రకటనలు, తుపాను హెచ్చరికలు, ఇవి వార్తల కిందకు రావన్నారు. దీని ఫలితం ఏమిటో చూడండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను కొట్టింది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున బ్యాటరీ రేడియోకు మించింది లేదు. నిబంధన ప్రకారం ఎఫ్‌ఎం స్టేషన్ తుపాను వస్తోందని చెప్పవచ్చు, ఫలానా పేటకు నీళ్లు రావని చెప్పవచ్చు. ఆ పేటకు వారం నుంచీ ట్యాంకర్ ఎందుకు రాలేదని కార్పొరేషన్ అధికారిని మైకు ముందు నిలదీస్తే అది వార్త అయిపోతుంది. వ్యాఖ్య అయిపోతుంది. లైసెన్సు ప్రమాదంలో పడుతుంది. అందుకే స్టేషన్ యాజమాన్యాలు ఆ గీతకు చాలా దూరంలోనే ఆగిపోతాయి. ఇరవై ఏళ్లు అలా ఆగిపోయాక, ఆ పని చేయగల మనుషులే స్టేషన్లలో లేకుండా పోయారు. న్యూస్‌రూమ్ అన్నదే కట్టలేదు.

కమ్యూనిటీ రేడియోకూ ఇదే షరతు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. విత్తనాల గురించి, పంటల గురించి, తమ పాటలు తామే పాడుకుంటూ ఎంత గొప్పగా చేస్తున్నారో మీరు వెళ్లి చూడాలి. వాళ్లకూ సొంతంగా వార్తలు చెప్పే హక్కు లేదు.

2013లో కామన్ కాజ్ సంస్థ ఈ నిషేధాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసింది. 2023 సెప్టెంబరులో ట్రాయ్, ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లకు గంటకు 10 నిమిషాల వరకు వార్తలు అనుమతించమని సిఫారసు చేసింది. నేను మాట్లాడుతున్న ఈ రోజుకు అది సిఫారసుగానే ఉంది. 1995 తీర్పులో జస్టిస్ జీవన్‌రెడ్డి శ్రోత హక్కు గురించి రాసింది, ఈ పది నిమిషాల దగ్గర మూడు దశాబ్దాలుగా నిలిచిపోయి ఉంది.

రేడియో సిటీ తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. స్టార్ పక్కకు తప్పుకుంది, పెట్టుబడి నిధి సంస్థ వచ్చింది. 2015లో హిందీ పత్రిక దైనిక్ జాగరణ్ నడిపే జాగరణ్ ప్రకాశన్ చేతికి వచ్చింది. 2017 మార్చిలో మ్యూజిక్ బ్రాడ్‌కాస్ట్ షేర్లు మార్కెట్‌లో లిస్టయ్యాయి. 2015లో పాత స్టేషన్లు చాలావరకు మరో 15 ఏళ్లకు లైసెన్సు మార్చుకున్నాయి, అంటే 2030 దాకా. అదే ఏడాది జరిగిన వేలంలో బెంగళూరులో కొత్త ఫ్రీక్వెన్సీ ఒక్కటి 100 కోట్లు దాటింది. మూడో విడతలో ఏటా కట్టేది ఆదాయంలో 4 శాతం గానీ, ప్రవేశ రుసుములో రెండున్నర శాతం గానీ, ఏది ఎక్కువైతే అది. 100 కోట్లలో రెండున్నర శాతమంటే రెండున్నర కోట్లు. ఆదాయం పడిపోయిన ఏడాది కూడా అది తప్పదు. 2005లో చాలావరకు వదిలించుకున్న స్థిరమైన ఫీజు ఇంకో దారిలో లోపలికి వచ్చిందన్న మాట. 2020లో కరోనా వచ్చి షాపులు మూతపడి ప్రకటనలు ఆగిపోయినప్పుడు స్టేషన్లకు ఇది ఎంత బరువైందో లోపల ఉన్నవాళ్లకు తెలుసు. చాలా చోట్ల స్థానిక కార్యక్రమాలు తగ్గాయి. ఒకచోట రికార్డు చేసినవి నాలుగు ఊళ్లలో వేసుకోవడం పెరిగింది. ఊరి గొంతు అన్న పేరుతో మొదలైన రేడియోకు ఇంతకంటే నష్టం లేదు.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 చానళ్ల వేలానికి ఒప్పుకుంది. ఆ జాబితాలో మన ఆదోని, భీమవరం, ప్రొద్దుటూరు, శ్రీకాకుళం ఉన్నాయి. ఖమ్మం, కరీంనగర్, నల్గొండ, ఆదిలాబాద్ ఉన్నాయి. వీటికి ఏడాది ఫీజు ఆదాయంలో 4 శాతం మాత్రమే అన్నారు, అది మంచి నిర్ణయం. ఆ పట్టణాల్లో స్టేషన్ పెట్టేవాళ్లు ఎవరో, వాళ్లకు వార్తలు చెప్పే హక్కు ఉంటుందో లేదో, ఖమ్మంలో మాట్లాడే ఆర్జే ఖమ్మంలోనే కూర్చుంటాడో లేదో, ఇవి మీ తరం గట్టిగా అడగాల్సిన ప్రశ్నలు. ట్రాయ్ ఏ సిఫారసు చేసే ముందైనా సంప్రదింపుల పత్రం బయట పెట్టి అభిప్రాయాలు అడుగుతుంది. దానికి ఎవరైనా రాయవచ్చు. కంపెనీలు రాస్తాయి. శ్రోతలు రాసినవి చాలా తక్కువ.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

ఒక విద్యార్థిని: సర్, మా వయసు వాళ్లం ఎవరమూ రేడియో వినం. పాటలు ఫోన్‌లోనే దొరుకుతాయి. ఇక ఎఫ్‌ఎంలో వార్తలు ఉన్నా లేకపోయినా తేడా ఏముంటుంది?

మంచి ప్రశ్న అడిగావమ్మా. పాట కోసం ఎఫ్‌ఎం అక్కర్లేదన్నది నిజం. నచ్చిన పాట నచ్చినప్పుడు ఫోన్‌లో దొరుకుతుంది. ఫోన్ ఇవ్వలేనిది ఒకటుంది. నీ పేటలో, ఈ గంటలో, డేటా లేకుండా, డబ్బు లేకుండా, తుపానులో కూడా వినపడే సమాచారం. దానికే అనుమతి లేదు. ఫోన్ ఎలాగూ ఇచ్చేదాన్ని మాత్రం రేడియోకు వదిలిపెట్టి, ఫోన్ ఇవ్వలేనిదాన్ని చట్టం ఆపేసింది. అందుకే మీ వయసువాళ్లకు రేడియో అక్కర్లేనిదిగా కనపడుతోంది. ఇంకో సంగతి. చాలా ఫోన్లలో ఎఫ్‌ఎం చిప్ ఉండి కూడా పనిచేయకుండా ఆపేసి ఉంటుంది. దాన్ని పనిచేసేలా ఉంచాలని 2023 సిఫారసుల్లో ట్రాయ్ అడిగింది. నువ్వు ఇంటికి వెళ్లాక నీ ఫోన్‌లో ఎఫ్‌ఎం ఉందో లేదో చూడు. ఉంటే వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టు. చాలా ఫోన్లలో ఆ వైరే యాంటెనాగా పనిచేస్తుంది.